క్రొత్తగా ముంబయి వచ్చినవారికి లోకల్ రైలు పాఠము



మన ఊళ్ళనుండి ముంబయికి వచ్చువారిని మనము ప్రేమతోనే చేర్చుకొనుచున్నాము. పాలమూరు, కరీంనగర్, నల్గొండ ప్రాంతములనుండి వచ్చినవారికి చాల్‌లో ఒక మూల చోటిచ్చుట, పని చూపించుట, పిల్లలను బడిలో వేయించుట మన యిండ్లలో ఎప్పుడును జరుగుచున్నవే. అయితే లోకల్ రైలు ఎక్కి దిగుట మాత్రము ఎవరును కూర్చుండబెట్టి నేర్పుట లేదు. "నాలుగు రోజులు తిరిగితే అదే వస్తుంది" అని విడిచిపెట్టుచున్నాము. పనికి పోవు మగవారికి అట్లే వచ్చునేమో గాని, ఇంటిపట్టున నుండు స్త్రీలకు, పెద్దలకు అది రాదు. పదిహేనేండ్లుగా ఘాట్కోపర్‌లో కాపురముండియు, పరేల్‌లోని ఆసుపత్రికి ఒంటరిగా పోలేని తల్లులు మనలో నున్నారు. తల్లిని తీసికొనిపోయిన దినమున కొడుకు కూలి పోవును. కొడుకు కూలి పోవునని తల్లి నొప్పి సంగతి బయటికి చెప్పదు. కాబట్టి ఈ పాఠమును చదువు వచ్చినవారు చదువుకొని ఊరుకొనక, రానివారికి వినిపించవలెనని కోరుచున్నాము.

మొదట త్రోవలు తెలిసికొందము. ముంబయి ఉత్తర దక్షిణములుగా పొడవుగా సాగిన ఊరు గనుక రైళ్ళును అట్లే నడచును. వెస్టర్న్ లైను చర్చిగేటు నుండి దాదర్, అంధేరి, బోరివలి మీదుగా విరార్ వరకును, 2013 నుండి దహాణూ రోడ్డు వరకును పోవుచున్నది. (చర్చిగేటు అనగానే అక్కడ గుడి కనబడునని మనవారు వెదకుదురు. పూర్వపు కోటకు సెయింట్ థామస్ చర్చి వైపున ఒక ద్వారముండెడిది. కోట గోడ పోయినది, పేరు మిగిలినది.) సెంట్రల్ లైను సి.ఎస్.ఎం.టి. నుండి దాదర్, కుర్లా, ఠాణే మీదుగా కల్యాణ్ చేరి, అక్కడ రెండుగా చీలును. ఒకటి టిట్వాలా మీదుగా కసారాకు, రెండవది ఉల్హాస్‌నగర్, అంబర్‌నాథ్, బద్లాపూర్ మీదుగా కర్జత్, ఖోపోలీలకు. అంబర్‌నాథ్‌కు పోవలసినవారు కసారా బండి ఎక్కినచో కల్యాణ్ దాటిన తరువాత గాని తప్పు తెలియదు. మూడవది హార్బర్ లైను. అది సి.ఎస్.ఎం.టి. నుండి కుర్లా, వాషి మీదుగా పన్వేల్‌కు పోవును. దానిలోనే వడాలా దగ్గర చీలి అంధేరి, గోరేగావ్ వైపు పోవు కొమ్మ ఒకటున్నది.

పేర్ల చిక్కు ఒకటి ఈ సందర్భమున చెప్పవలెను. మన పెద్దలు నేటికిని "వి.టి." అనియే చెప్పుదురు. ఆ స్టేషను పేరు 1996లో ఛత్రపతి శివాజీ టెర్మినస్ అయినది, 2017లో మహారాజ్ అను మాట చేరినది. కనుక క్రొత్తవాడు బోర్డులలో వి.టి. కొరకు ఎంత వెదకినను దొరకదు. ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు కూడ 2018 నుండి ప్రభాదేవి అయినది. అట్లే "కుర్లాలో దిగు" అని ఫోనులో చెప్పి ఊరుకొనవద్దు. విశాఖపట్టణమునుండి లోకమాన్య తిలక్ టెర్మినస్‌కు వచ్చు బండిని కుర్లా బండి అనుట వాడుక. గాని ఆ టెర్మినస్ వేరు, లోకల్ బండ్లు ఆగు కుర్లా స్టేషను వేరు. అక్కడికి దగ్గరగా నున్నది హార్బర్ లైనులోని తిలక్‌నగర్ స్టేషను. హుస్సేన్‌సాగర్, కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లలో వచ్చువారు కల్యాణ్‌లో గాని, దాదర్‌లో గాని దిగవచ్చును. భివండికి పోవు మన నేత కుటుంబములవారికి కల్యాణ్ అనుకూలము.

దాదర్ గూర్చి వేరుగా చెప్పుటకు కారణమున్నది. వెస్టర్న్, సెంట్రల్ లైనులు రెండును కలియు చోటు అదే. లోగడ రెండు లైనులవారును తమ ప్లాట్‌ఫారములను ఒకటి నుండియే లెక్కించుకొనిరి. అందుచేత "ఒకటవ నెంబరు దగ్గర నిలబడు" అని చెప్పినచో చెప్పినవారొక ఒకటవ నెంబరులోను, వచ్చినవారు మరియొక ఒకటవ నెంబరులోను నిలబడెడివారు. 2023 డిసెంబరు 9 నుండి ఆ చిక్కు తీరినది. ఇప్పుడు 1 నుండి 7 వరకు వెస్టర్న్, 8 నుండి 14 వరకు సెంట్రల్. పాతకాపులు పాత లెక్క చెప్పి క్రొత్తవారిని త్రిప్పకుందురు గాక.

ఇక టికెట్టు. రెండవ తరగతికి తక్కువలో తక్కువ 5 రూపాయలు. కౌంటరులోను, యంత్రములోను, సెల్ ఫోనులోను దొరకును. కొనిన గంటలోగా ప్రయాణము మొదలుపెట్టవలెను. దినదినము పోవువారు నెల పాసు తీసికొనుట మేలు, అయితే అన్న పాసుతో తమ్ముడు పోరాదు. టికెట్టు లేక పట్టుబడినచో ఛార్జీతోపాటు 250 రూపాయలు కట్టవలెను. టికెట్టుండియు పట్టుబడువారు మనలో ఎక్కువమంది. ఖాళీగా కనబడిన పెట్టె ఎక్కుదురు, అది ఫస్టు క్లాసు. ఆ పెట్టెకు ఎరుపు, పసుపు చారలుండును. 2017 డిసెంబరు 25 నుండి నడచుచున్న ఏ.సి. లోకళ్ళకు మన మామూలు టికెట్టు చెల్లదు. తలుపులు మూసికొను బండి వచ్చినచో అది మనది కాదని విడిచిపెట్టవలెను.

ఇప్పుడు ఘాట్కోపర్ తల్లినే తీసికొని పాఠము చెప్పుదము. ఆమె పోవలసినది పరేల్. కె.ఇ.ఎం., టాటా ఆసుపత్రులు అక్కడనే యున్నవి. ఆమె సి.ఎస్.ఎం.టి. వైపు పోవు ప్లాట్‌ఫారమున నిలబడవలెను. దిక్కు సరిపోయినంత మాత్రమున చాలదు. ఫాస్టు బండి ఎక్కినచో అది కుర్లా, దాదర్ ఆగి, పరేల్‌ను దాటి బైకుల్లాకు పోవును. కనుక ఆమెకు స్లో బండి కావలెను. ఇండికేటరు మీద ఊరి పేరు ప్రక్కన స్లో, ఫాస్టు గురుతులుండును. చదువు రానివారు చెవితో తెలిసికొనవచ్చును. మరాఠీలో "ధీమీ లోకల్" అన్నచో స్లో, "జలద్ లోకల్" అన్నచో ఫాస్టు. మనకు జలదమనగా మబ్బు, వారికి తొందర. "ఫలాట్ క్రమాంక్" అనగా ప్లాట్‌ఫారము నెంబరు. బండిలో "పుఢీల్ స్టేషన్" అని వినబడినచో రాబోవు స్టేషను పేరు చెప్పుచున్నారని అర్థము. విద్యావిహార్, కుర్లా, సయన్, మాటుంగా, దాదర్, ఆ తరువాత పరేల్. ఈ ఆరు పేర్లు ఆమెకు కంఠస్థము చేయించినచో చాలును.

దిగుట ఎక్కుటకంటె కష్టము. బండి ఆగునది కొద్ది సెకండ్లే. దాదర్ రాకముందే లేచి తలుపు దగ్గరకు జరుగవలెను. ఏ వైపు ప్లాట్‌ఫారము వచ్చునో ముందుగా అడుగవలెను. ముందున్నవారిని "పరేల్ ఉతర్నా హై క్యా?" అని అడుగుట ఇచ్చటి ఆచారము. వారు దిగువారైనచో వారి వెనుకనే నిలువవలెను, కానిచో వారే దారి యిత్తురు. అడుగుటకు మనవారు సిగ్గుపడుదురు. మాట వంకరగా వచ్చునని భయపడుదురు. ఈ ఊరిలో అడిగినవారిని చూచి ఎవరును నవ్వరు, వారందరును ఒకనాడు ఎక్కడనుండియో వచ్చినవారే. మనము అన్నా, అక్కా అన్నట్లు వారిని దాదా, తాయీ అనవచ్చును. పెద్దవారినైతే కాకా, మావశీ అనిన చాలును. దిగవలసిన స్టేషను దాటిపోయినచో కంగారుపడి కదలుచున్న బండినుండి దూకరాదు. తరువాతి స్టేషనులో దిగి, వంతెన ఎక్కి అవతలి ప్లాట్‌ఫారమునుండి వెనుకకు రావచ్చును.

దూకరాదు అని ఊరకే అనలేదు. 2023లోను, 2024లోను ఈ లోకల్ పట్టాలమీద ఏటికి రెండువేలమందికి పైగా మరణించిరి. వారిలో పట్టాలు దాటుచు పోయినవారే అనేకులు. 2025 జూన్ 9న ముంబ్రా దగ్గర మలుపులో తలుపులకు వ్రేలాడుచున్నవారు బండినుండి పడి కొందరు చనిపోయిరి. 2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు, పరేల్ స్టేషనుల వంతెన మీద త్రొక్కిసలాటలో 23 మంది పోయిరి. ఊరినుండి వచ్చిన పడుచువాండ్లు మొదటి నెలలో భయపడుదురు, మూడవ నెలలో తలుపు పట్టుకొని వ్రేలాడుట గొప్ప యనుకొందురు. ఇంటి పెద్దలు ఈ మూడవ నెలనే కనిపెట్టి చూడవలెను. మేస్త్రీ గట్టిగా అరచినను ఒక బండి విడిచిపెట్టి వెనుక బండి ఎక్కుమని వారికి మనమే చెప్పవలెను, ఏలయనగా మేస్త్రీ చెప్పడు.

స్త్రీలకు వేరు పెట్టెలున్నవి. వాటిలో కొన్ని రాత్రింబవళ్ళు స్త్రీలవే, కొన్ని నియమిత వేళలలో మాత్రమే. పెట్టె మీద వ్రాసియుండును. పన్నెండేండ్లలోపు మగపిల్లలను తల్లి వెంట తీసికొనిపోవచ్చును. ఉదయము పనివేళలో దక్షిణమునకును, సాయంకాలము ఉత్తరమునకును పోవు బండ్లలో కాలు మోపుటకు చోటుండదు. రోగులు వీలైనచో పదకొండు గంటల తరువాత బయలుదేరుట మంచిది. టాటా ఆసుపత్రికి పోవు క్యాన్సరు రోగులు దివ్యాంగుల పెట్టెలో ఎక్కవచ్చును. ఈ సంగతి మనలో చాలమందికి తెలియక సామాన్యపు పెట్టెలో నలిగిపోవుచున్నారు. ఆసుపత్రి కాగితము చేతిలో నుంచుకొనవలెను. ఆపద వచ్చినచో 139కి ఫోను చేయవచ్చును.

బస్సుల గూర్చి ఒక్క మాట. బెస్టు బస్సు ఛార్జీ 2025 మే నుండి తక్కువలో తక్కువ 10 రూపాయలు, ఏ.సి. బస్సులో 12. బస్సు నెంబరు తరచుగా దేవనాగరి అంకెలలో నుండును. వారి ఒకటి మన కంటికి తొమ్మిది వలె, వారి నాలుగు ఎనిమిది వలె కనబడును. 141 నెంబరు బస్సును 989 అనుకొని విడిచిపెట్టినవారున్నారు. పిల్లల మరాఠీ వాచకము తెరచి ఆ పది అంకెలు ఒక సాయంకాలము నేర్చుకొనవచ్చును.

నేర్పు విధానము ఇది. మొదటిసారి ఆమెను వెంటబెట్టుకొని పోయి, ప్రతి స్టేషనును చూపించుచు రండి. రెండవసారి టికెట్టు ఆమెచేతనే కొనిపించి, దారి ఆమెనే అడుగుమని మీరు ఊరక వెనుక నడువుడి. మూడవసారి ఆమెను పోనిచ్చి, మీరు పరేల్ వంతెన క్రింద ఎదురు చూడుడి. ఈ అభ్యాసమునకు ఆదివారము మధ్యాహ్నము అనుకూలమే గాని, ఆదివారములలో పట్టాల మరమ్మతులకై మెగా బ్లాక్ ఉండును. ఆ వేళలో కొన్ని బండ్లు నడువవు, కొన్ని ఫాస్టు బండ్లు స్లో పట్టాలమీద పోవును. ఏ లైనులో ఏ గంటనుండి ఏ గంటవరకో శనివారపు పత్రికలోనే వచ్చును. అది చూచుకొని బయలుదేరుడి.