రెండు ప్రతులను సరిపోల్చు సాధనము

ఒకే పాఠమునకు రెండు ప్రతులున్నప్పుడు ఏది సరియైనదో నిర్ణయించుటకు ముందు, అవి ఎచ్చట భేదించుచున్నవో తెలియవలెను. ఇది క్రొత్త సమస్య కాదు. సి.పి. బ్రౌను దొర వేమన పద్యముల వ్రాతప్రతులను పెక్కింటిని సేకరించి, పండితుల సాయమున పోల్చి చూచి, 1829లో తన గ్రంథమును అచ్చువేయించెను. ఆ పనికి మనుష్యుల కన్నులే సాధనములు.

నేడు ఆ సమస్యయే మన యిండ్లకు వేరు రూపమున వచ్చినది. తెలుగు పాఠములును, పిల్లల వ్యాసములును కంప్యూటరు ఫైళ్లుగా చేతులు మారుచున్నవి. ఉపాధ్యాయు డొక ప్రతిని సవరించును. తల్లి వేరొక ప్రతిని సవరించును. తుదకు రెండును మిగులును. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమున చేరినది. అచ్చటను, తిరువళ్లూరునను మన పిల్లలు రెండు లిపులు నేర్చుచున్నారు. తమిళ లిపిలో త, థ, ద, ధలకు అక్షర మొక్కటే. దానికి అలవడిన కన్ను 'కథ'కు బదులు 'కద' యున్నను దాటిపోవును. రెండును తెలుగు మాటలే గనుక అక్షరదోషములను వెదకు ప్రోగ్రాము సైతము దానిని పట్టజాలదు. పెద్దలకది చిన్న పొరపాటు. పాఠమును నమ్మి నేర్చుకొను బాలునకు అదియే తెలుగు.

ఇట్టి భేదములను చూపు 'డిఫ్' అను ప్రోగ్రాము 1970 ప్రాంతపు దశకములో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో పుట్టినది. జేమ్స్ హంట్, డగ్లస్ మెకిల్‌రాయ్ అనువారు దాని పద్ధతిని 1976లో వివరించిరి. రెండు ఫైళ్లలోను అదే వరుసలో నున్న పంక్తులను వీలైనన్ని గుర్తించి, మిగిలినవానిని భేదములుగా చూపుటయే ఆ పద్ధతి. అయితే దాని ఫలితము గుర్తులతో కూడిన జాబితా, సామాన్యులకు కష్టము. విన్‌మెర్జ్, మెల్డ్ అను ప్రోగ్రాములు రెండు ప్రతులను ప్రక్కప్రక్కన నుంచి, భేదించిన చోట రంగు పూసి చూపును. విన్‌మెర్జ్ విండోసునకు చెందినది. మెల్డ్ లినక్సునందును పనిచేయును. రెండును ఉచితములే.

వాడుటకు ముందు మూడు సంగతులు గమనింపవలెను. మొదటిది, రెండు ఫైళ్లును యూనికోడు తెలుగులో, సాదా పాఠముగా భద్రపరచబడి యుండవలెను. పాత ఫాంటులతో టైపుచేసినది కంటికి తెలుగే యైనను యంత్రమునకు వేరు. రెండవది, వాక్యమున కొక పంక్తి చొప్పున విరుచుట మేలు. పేరా అంతయు ఒకే పంక్తియైనచో అంతయు రంగుపడి చూపునకు శ్రమ కలుగును. మూడవది, బాణపు గుర్తు నొక్కినచో ఒక ప్రతిలోని మాట రెండవ ప్రతిలోనికి పోవును. కావున మూలప్రతులను ముందే వేరుగా దాచవలెను.

కొన్ని యెడల భేదమేమియు కనబడకయే రంగుపడును. అది అధికమైన ఖాళీయో, కంటికి కానరాని గుర్తో కావచ్చును.

భేదమును చూపుట వరకే యంత్రము పని. ఏది సరియో దానికి తెలియదు. అందులకు శబ్దరత్నాకరము వంటి నిఘంటువును, ఉపాధ్యాయుని ఆశ్రయింపవలెను. మన మనవి యేమనగా, ఈ పని చేయునప్పుడు పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. రంగుపడిన ప్రతి చోటను ఏది సరియో, ఏల సరియో ముందు వారినే అడుగుడు. సరిచూచిన ప్రతికి తేదీ వేసి దాచుడు. మరునాడు బడికి పంపవలసినది ఆ యొక్క ప్రతియే.