నాస్తికుడను పేరు ఎవరిచ్చినది?

నేటి వాడుకలో నాస్తికుడనగా దేవుడు లేడనువాడు. ఈ యర్థము తొలినాటిది కాదు. పాణిని అష్టాధ్యాయి నాలుగవ యధ్యాయములో ఆస్తిక, నాస్తిక పదములను సాధించినాడు. ఉన్నదను తలపు గలవాడు ఆస్తికుడు. లేదను తలపు గలవాడు నాస్తికుడు. ఏది ఉన్నదని? పరలోకమని వ్యాఖ్యాతలు పూరించిరి. దేవుని ప్రసక్తి అచ్చట లేదు. మనుస్మృతి రెండవ యధ్యాయమునకు వచ్చునప్పటికి కొలత మారినది. వేదమును నిందించువాడే నాస్తికుడను నిర్ణయము అందు కలదు. కనుక పరలోకమును కాదనువానికి, వేదమును కాదనువానికి, దేవుని కాదనువానికి కూడ ఒకే మాట అంటుచున్నది. ఈ ముగ్గురు ఒక్కరే కానక్కఱలేదు.

ఇందువలన కలిగిన చిక్కు దర్శనములు చదివినవారికి తెలియనిది కాదు. ఈశ్వరకృష్ణుని సాంఖ్యమున ప్రకృతికి, పురుషునికి తప్ప సృష్టికర్తకు చోటు లేదు. పూర్వమీమాంసకుడైన కుమారిలభట్టు లోకమునకొక కర్త కలడను వాదమును ఖండించెను. అయినను ఆ రెండును ఆస్తిక దర్శనములే. వేదమును ఒప్పుకొన్నవి గదా! ఇక వచనకారులైన శరణులలో వేదప్రామాణ్యమును ప్రశ్నించినవారు కలరు. మనుస్మృతి కొలతబద్దను వారి ప్రక్కన నిలిపినచో, ఇష్టలింగమును క్షణమైనను విడువని భక్తుడు నాస్తికుడగును; సృష్టికర్త అక్కఱలేదన్న మీమాంసకుడు ఆస్తికుడగును. వీరశైవ గృహములలో ఎవరినైనను ఈ మాటతో దూషింపబోవునప్పుడు ఈ సంగతి జ్ఞప్తికి రావలెను. 'భవి' యను మాటయు కొంతవఱకిట్టిదే. లింగధారణము లేనివానిని అట్లు పిలిచినంత మాత్రమున, అతడు దేనిని నమ్మునో, దేనికి వెఱచునో, ఆకలిగొన్నవానికి అన్నము పెట్టునో పెట్టడో తెలియదు. పిలిచినవాడు ఎచ్చట నిలిచి చూచుచున్నాడో మాత్రము తెలియును.

పేరును తానే పెట్టుకొన్నచో సంగతి వేఱు. ఇంగ్లండు జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ 1869లో తన కొఱకొక పేరు కల్పించుకొనెను. తెలుగున దానినే అజ్ఞేయవాది యందురు. తోడి పండితులందఱికి ఏదో యొక వాదము పేరుండగా తనకు మాత్రము లేకపోయెనని అతడు హాస్యముగా చెప్పుకొనెను. ఉన్నదనుటకును లేదనుటకును ఆధారము చాలదని చెప్పుట అతని యుద్దేశము. ఆ పేరు అతని కుదిరినది; ఏలయన, దాని యర్థమును అతడే వివరించెను.

పేరు పైనుండి వచ్చి పడినప్పుడు జరుగు చేటునకు 1872 నాటి మూడవ చట్టము తార్కాణము. విగ్రహము, హోమము లేని తమ వివాహములకు చట్టబద్ధత కావలెనని కేశవచంద్రసేనుని యనుచరులైన బ్రహ్మసమాజీయులు కోరిరి. అది బ్రహ్మసమాజీయుల పేర రాగా, తాము హిందువులమేయని ఆదిబ్రహ్మసమాజమువారు అభ్యంతరము తెల్పిరి. ప్రభుత్వము ఆ పేరు తీసివైచి, ప్రసిద్ధ మతములలో దేనిని అవలంబింపనివారి కొఱకని చట్టము చేసెను. వధూవరులు తాము హిందూ, క్రైస్తవ, యూద, మహమ్మదీయ, పారసీ, బౌద్ధ, సిక్కు, జైన మతములలో దేనికిని చెందమని వ్రాసి యిచ్చిన గాని వివాహము నమోదు కాదు. నిత్యము ఏకేశ్వరుని ప్రార్థించువారు సైతము పెండ్లినాడు మతము లేనివారమని చేవ్రాలు చేయవలసి వచ్చెను! 1923 సవరణ వలన హిందూ, బౌద్ధ, సిక్కు, జైనులకు ఆ నిర్బంధము సడలినది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము ఆ ప్రకటననే తొలగించెను. దాదాపు ఎనుబది రెండేండ్లు ఒక కాగితము మనుష్యులచే తమ నమ్మకమునకు విరుద్ధమైన మాట పలికించినది.

తెలుగునాట గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావు (1902–1975) కథ దీనికి ఎదురు. ఆయన వృక్షశాస్త్ర అధ్యాపకులు. దేవుని గూర్చిన తమ యభిప్రాయములను ప్రకటించినందున 1933లో కాకినాడలోని ఉద్యోగము పోయినది. అయినను మెత్తని మాటల చాటున దాగక, 1940లో కృష్ణా జిల్లా ముదునూరున స్థాపించిన సంస్థకు నాస్తిక కేంద్రమనియే పేరు పెట్టిరి. 1947లో అది విజయవాడకు మారినది. గాంధీజీతో ఆయనకు చర్చలు జరిగినవి. గోరా కుమార్తెను దళిత యువకునికిచ్చి సేవాగ్రామమున వివాహము చేయ నిశ్చయించినపుడు, ఆ తంతులో దేవుని నామమునకు బదులు సత్యమను మాట యుంచుటకు గాంధీజీ అంగీకరించిరి. ఆయన మరణానంతరము, 1948లో, ఆ వివాహము జరిగినది. కులపు గోడను దాటిన ఆ పెండ్లిలో పరమభక్తుడును నాస్తికుడును ఒక ప్రక్కన నిలిచిరి. వారిరువురి పేర్లు చూచి ఇట్లు జరుగునని ఎవరు ఊహింపగలరు?

2011 జనాభా లెక్కలలో మతము తెలుపనివారు సుమారు 28 లక్షల 67 వేలమంది. వారందఱిని నాస్తికులని లెక్కించువారున్నారు. అది తొందరపాటు, చెప్పనొల్లనివాడును లేదనువాడును ఒకరే కారు. ఈ భేదమును రాజ్యాంగ నిర్మాతలు చక్కగా గుర్తించిరి. మూడవ షెడ్యూలులో మంత్రులు మొదలగువారి ప్రమాణ పాఠమున రెండు దారులున్నవి. ఇష్టమున్నవారు దేవుని పేరిట ప్రమాణము చేయవచ్చును. లేనివారు దేవుని పేరు తలపక నిష్ఠతో ప్రతిజ్ఞ చేయవచ్చును. రెండవ దారిని పట్టినవాడు నాస్తికుడో, అజ్ఞేయవాదియో, దేవుని పేరు ఒట్టులలో వాడరాదని నమ్మిన గాఢభక్తుడో కావచ్చును. కారణము చెప్పవలెనను నియమము అందు లేదు.