పేరు మారిన పూర్వుడు

1849వ సంవత్సరము జులై 4వ తేదీన న్యూయార్కు రేవులో ఒక నార్వే దేశపు స్త్రీయు, ఆమె ఆరేండ్ల కుమారుడును ఓడ దిగిరి. ఆమె పేరు ఇంగెబ్యోర్గ్. బెర్గెన్ నగరమున పరుల యిండ్లలో పనిచేసి జీవించిన ఆమె, అప్పు చేసిన సొమ్ముతో సముద్రము దాటి వచ్చినది. కుమారుని పేరు క్నూడ్ ఎవంగర్. నలువదినాలుగేండ్ల పిదప, 1893లో, మిన్నెసోటా రాష్ట్రమునకు గవర్నరైన క్నూట్ నెల్సన్ ఈ బాలుడే. 1895 మొదలుకొని మరణించువరకును అతడు అమెరికా సెనేటులో సభ్యుడుగా నుండెను.

ప్రసిద్ధుడైనందున అతని రెండు పేర్లును గ్రంథముల కెక్కినవి. అట్లుగాక అతడొక సామాన్యుడైన రైతు అయి, సమాధిరాతిపై 'నెల్సన్, నార్వే' అను రెండు మాటలు మాత్రమే మిగిల్చి పోయినచో, అతని మునిమనుమడు ఏమి చేయగలడు? నార్వే దేశపు పాత పుస్తకములలో నెల్సన్ అని వెదకినచో దొరకదు. అది నార్వే భాషలో నిల్సెన్ కావచ్చునని తలచి వెదకినచో లెక్కకు మించిన నిల్సెన్‌లు దొరకుదురు. వారిలో వయస్సు సరిపోయిన యొకనిని ఏరుకొన్న యెడల, ఎవరి తాతనో తన తాతగా నెంచి, వాని తాతముత్తాతల నెల్ల తన వంశవృక్షమున నెక్కించుకొనును. ఇట్టి పొరపాటు ఒకసారి అచ్చయినచో తరువాతివారు దానినే ప్రమాణముగా గ్రహింతురు.

ఈ చిక్కునకు మూలము నార్వే దేశపు పేర్ల పద్ధతిలోనే యున్నది. పూర్వము అక్కడి పల్లెలలో స్థిరమైన ఇంటిపేరు లేదు. తండ్రి పేరునకు కొడుకైనచో 'సెన్' అనియు, కూతురైనచో 'దత్తెర్' అనియు చేర్చెడివారు. ఓలే అను రైతునకు లార్స్ అను కొడుకు పుట్టినచో వాడు లార్స్ ఓల్సెన్. కూతురు అన్నా పుట్టినచో ఆమె అన్నా ఓల్స్‌దత్తెర్. లార్స్ కుమారుడు ఓల్సెన్ కాడు, లార్సెన్ అగును. తాతకొకటి, తండ్రికొకటి, మనుమనికొకటి! వీనికి తోడు వారు నివసించు పొలము పేరుకూడ చివర చేరును. తెలుగువారి ఇంటిపేర్లలో పెక్కు ఊళ్ళ పేర్లే. కాని కుటుంబము ఊరు విడిచినను ఇంటిపేరు వెంట వచ్చును. నార్వేలో అట్లు గాదు. రైతు ఒక పొలమునుండి మరియొక పొలమునకు మారినచో పాత పేరు అక్కడనే నిలిచిపోయి, క్రొత్త పొలము పేరు వచ్చి చేరును. అల్లుడు అత్తవారి పొలమున కాపురముండినచో అతనికి ఆ పొలము పేరే వచ్చును. పొలము పేరు నిజమునకు ఇంటిపేరు కాదు, చిరునామా వంటిది.

నార్వేలో సాగునకు పనికివచ్చు నేల బహుస్వల్పము. 1801లో సుమారు 8,80,000గా నుండిన జనసంఖ్య 1900 నాటికి 22 లక్షలు దాటినది. పంచుకొనుటకు పొలము చాలని కుటుంబముల కుమారులు పడమరకు చూచిరి. 1825లో స్టవాంగర్ రేవునుండి 52 మందితో ఒక చిన్న యోడ బయలుదేరినది మొదలు నూరేండ్లలో 8 లక్షలకు పైగా జనులు ఉత్తర అమెరికాకు తరలిపోయిరి. అమెరికాలో 1862 నాటి శాసనము ప్రకారము, నేలపై కాపురముండి సాగుచేయువానికి 160 ఎకరములు లభించెడిది.

క్రొత్త దేశమున ప్రతివానికిని స్థిరమైన ఇంటిపేరు కావలసివచ్చినది. కొందరు తండ్రి పేరును, కొందరు పొలము పేరును నిలుపుకొనిరి. ఒకే తల్లి బిడ్డలు ఇద్దరు చెరియొక పేరును గైకొనుటయు కలదు. ఒకే గ్రామమున ఓల్సన్‌లు ఎక్కువై ఉత్తరములు తారుమారైనందున పేరు మార్చుకొన్నవారును కలరు. యోహాన్ జాన్ అయ్యెను. మిట్ట అను అర్థము గల బక్కెన్ అను పేరు, అదే అర్థము గల హిల్ అను ఆంగ్లపదముగా మారుటయు కలదు. 1892లో తెరచిన ఎల్లిస్ దీవిలోని అధికారులే వలసవచ్చినవారి పేర్లను మార్చిరని అమెరికాలో ఒక కథ వాడుకలో నున్నది. వినుటకు ఇంపైన కథయే గాని నిజము కాదు. ఆ యధికారులు, ఓడ బయలుదేరునపుడు వ్రాసిన పట్టికను ముందుంచుకొని ప్రయాణికులను ప్రశ్నించెడివారు. పేర్లు మారినది పిదప, బడిలోను, కార్ఖానాలోను, పొలముల యొద్దను. పెక్కుసారులు వారి యిష్టము చొప్పుననే.

కావున వెదకువాడు పేరును పట్టుకొనక, మారని వానిని పట్టుకొనవలెను. పుట్టిన తేదీ మారదు. తోబుట్టువులు మారరు. ముందు అమెరికాలోని పత్రములనే పూర్తిగా పరిశీలింపవలెను. పౌరసత్వ పత్రములు ఇందుకు తరచు నిరాశ కలిగించును. 1906కు పూర్వపు వానిలో పెక్కింట దేశము పేరు తప్ప మరేమియు నుండదు. వలసవచ్చినవారు స్థాపించుకొన్న లూథరన్ చర్చిల పుస్తకములు అంతకంటె మేలు. నార్వే భాషలో వ్రాయబడిన ఆ పుస్తకములలో స్వదేశమందలి ఊరుకూడ దొరకుట కలదు. పిల్లల పేర్లును సాక్ష్యమిచ్చును: మొదటి కుమారునకు తండ్రి తండ్రి పేరును, రెండవవానికి తల్లి తండ్రి పేరును పెట్టుట నార్వే పల్లెలలో ఆచారము. ఓడల పట్టికలను చూచువాడు న్యూయార్కుతోనే ఆగరాదు. 1850 తరువాత పదునైదేండ్లపాటు నార్వే ఓడలలో అధికభాగము కెనడాలోని క్విబెక్ రేవునకు చేరెడివి.

ఊరు తెలిసినచో నార్వే చర్చి పుస్తకములు దారి చూపును. అక్కడి మతగురువు జననము, బాప్తిస్మము, వివాహము, మరణము అన్నియు నమోదు చేసెడివాడు. పుస్తకమునకు రెండవ ప్రతిని వేరొకరు వ్రాసి, వేరొక యింట భద్రపరచెడివారు; ఒకటి అగ్నికి ఆహుతియైనను రెండవది మిగులును. బాలురు పదునైదేండ్ల ప్రాయమున మతబోధలో పరీక్ష పొందినపుడు, పుట్టిన తేదీతోపాటు మశూచికపు టీకాలు వేయించుకొనిరా లేదా అనునదియు వ్రాసెడివారు. ఊరు విడిచి పోవువారికి వేరొక పట్టిక యుండెడిది. నార్వే జాతీయ ప్రాచీనపత్ర భాండాగారము నేడు ఈ పుస్తకముల ఛాయాచిత్రములను ఎల్లరకు ఉచితముగా చూపుచున్నది.

తేదీ, ఊరు, తండ్రి పేరు కలిసిన బాప్తిస్మము దొరకినంత మాత్రమున పని ముగియలేదు. బిడ్డ పసితనమున చనిపోయినచో, తరువాత పుట్టిన బిడ్డకు అదే పేరు పెట్టుట అచట పరిపాటి. మరణముల పుస్తకమును తెరవక తొందరపడినవాడు, రెండేండ్లకే కన్నుమూసిన శిశువును తన ముత్తాతగా నెంచుకొనవచ్చును.

క్నూట్ నెల్సన్ విషయమున ఈ జాగ్రత్తలును చాలవు. ఇంగెబ్యోర్గ్ హాల్డోర్ అనువాని కూతురు. కుమారుడు పుట్టునాటికి ఆమెకు వివాహము కాలేదు. ఆ కాలమున అది తల్లికిని బిడ్డకును గొప్ప నింద. అమెరికాలో ఆమె తాను వితంతువునని చెప్పుకొనెను. 1850లో తన ప్రాంతమువాడే యైన నిల్స్ ఓల్సన్ గ్రోట్‌లాండ్‌ను వివాహమాడి, విస్కాన్సిన్‌లోని నార్వే రైతుల పల్లెకు కాపురము వచ్చినది. నిల్స్ కుమారుడు నిల్సెన్. అది ఆంగ్లమున నెల్సన్. ఆ పేరుతో ఏడేండ్ల బాలునకు ఒక తండ్రి దొరకెను. తల్లిని ప్రశ్నించువారు లేకపోయిరి. ఇట్టి పేరు మార్పును కనుగొన్న మునిమనుమడు, దానిని వంశవృక్షమున వ్రాయుటకు ముందు, ఆ తల్లి ఏల దాచినదో ఒక్క క్షణమైన తలపకుండునా?

క్నూట్ నెల్సన్ 1923 ఏప్రిల్ నెలలో రైలుప్రయాణములో మరణించెను. ఆ సంవత్సరముననే నార్వేలో ప్రతి కుటుంబమును స్థిరమైన ఇంటిపేరు గైకొనవలెనను శాసనము పుట్టినది. అతడు విడిచిపెట్టిన మొదటి పేరు గల ఎవంగర్ గ్రామము, వోస్ పట్టణమునకు సమీపమున, సరస్సు ఒడ్డున నేటికిని అదే పేరుతో నున్నది.