కాన్పు తర్వాత బరువు: తల్లి కడుపు మాడ్చుకోవాలా?

కాన్పయి మూడు నెలలు దాటగానే చాలామంది తల్లులు మమ్మల్ని అడిగే మాట ఒకటే: "ఒళ్లు తగ్గడానికి ఏదైనా మాత్ర రాసివ్వండి." మదనపల్లె పట్టణంవారే కాదు, పుంగనూరు, కుప్పం పల్లెల తల్లులూ అడుగుతున్నారు. కొందరు అప్పటికే రాత్రి భోజనం మానేసి ఉంటారు. పాలిచ్చే తల్లికి అలాంటి మాత్ర మేము ఇవ్వము.

ముందు లెక్క చూద్దాం. గర్భంలో సాధారణంగా 10 నుండి 12 కిలోలు పెరుగుతారు. బిడ్డ, మాయ, ఉమ్మనీరుతో కాన్పులోనే 5 కిలోల వరకు పోతుంది. గర్భసంచి తిరిగి చిన్నదవడానికి 6 వారాలు పడుతుంది. అంతవరకు పొట్ట ఎత్తుగా ఉంటే అదంతా కొవ్వేనని దిగులుపడకండి. మిగిలినది తగ్గడానికి ఆరు నెలలు, ఏడాది కూడా పట్టవచ్చు.

మరి కొందరికి ఎందుకు తగ్గదు? బాలింత పథ్యం చూడండి. తెల్లన్నం, నెయ్యి, వెల్లుల్లి కారం, సాయంత్రం టీలోకి బన్నో రస్కో. ఆకుకూర పడదని, పండు జలుబని మాన్పిస్తారు. నీళ్లు కూడా కొలిచి ఇస్తారు! పెద్దలను తప్పుపట్టడం లేదు. వాళ్ల కాలంలో మనిషి చిక్కితే క్షయ అని భయం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి 1915లోనే వెలిసింది. నెయ్యి పోసి ఒళ్లు చేయించడం ఆనాటి ప్రేమ.

పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు మామూలుకన్నా 600 కెలోరీలు ఎక్కువ కావాలి. అందుకే తిండి మానడం కాదు, మార్చాలి. సంగటి ముద్ద, ఆకుకూర పప్పు, ఉలవచారు, గుడ్డు, మజ్జిగ, ఒక జామపండు తినండి. దాహమైనప్పుడల్లా నీళ్లు తాగండి. (రాగి మంచిదని నాలుగు ముద్దలు తింటే అదీ బరువే.) అంగన్‌వాడీ ఇచ్చే గుడ్డు, పాలు ఇంటిల్లిపాదికీ పంచకుండా తల్లే తీసుకోవాలి. ఐరన్ మాత్రలు కాన్పు తర్వాత కూడా 180 రోజులు వేసుకోవాలి.

మామూలు కాన్పయితే ఓపిక రాగానే పది నిమిషాల నడకతో మొదలుపెట్టి, మెల్లగా అరగంటకు పెంచండి. సిజేరియన్ అయినవారు కూడా నిదానంగా నడవవచ్చు గాని, 6 వారాల వరకు బిడ్డకన్నా బరువైనది ఎత్తకూడదు. టమోటా క్రేట్లు, మల్బరీ మోపులు అసలే వద్దు. నడికట్టు నడుముకు ఊతమే, కొవ్వును కరిగించదు. పాలు బాగా పడ్డాక నెలకు రెండు కిలోలు తగ్గితే చాలు.

తిండి సరిచేసినా బరువు పెరుగుతూ, విపరీతమైన నీరసం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి. గర్భంలో షుగరు వచ్చినవారికి బరువు సంగతి మరీ ముఖ్యం. తగ్గకపోతే అది మళ్లీ రావచ్చు, ఈసారి శాశ్వతంగా. వారు కాన్పయిన 6 నుండి 12 వారాల మధ్య గ్లూకోజు తాగి చేసే పరీక్షకు తప్పక రావాలి.

బిడ్డకు ఆరవ వారం టీకాలకు వచ్చిన రోజే తల్లి కూడా బరువు, బి.పి., రక్తం చూపించుకోవచ్చు. వచ్చేటప్పుడు ఇంట్లో వంట చేసే అమ్మనో, అత్తగారినో వెంట తీసుకురండి. పథ్యం గురించి వారితోనే మాట్లాడతాము.