మనోడి దగ్గర చార్జీ ఎట్లా అడిగేది?

సూరత్‌లో పాండేసర మిల్లుల వైపు ఉంటుంది వడోద్. బతుకుదెరువుకు వచ్చినవాళ్లు అద్దెగదుల్లో ఉండే ఇలాంటి పేటల్లో ఓ చిన్న కొట్టు మామూలే. ఒక కంప్యూటరు, ప్రింటరు, వేలుముద్రల మిషను. పాన్ కార్డు, రైలు టికెట్, ఊరికి డబ్బు పంపడం, అన్నీ అక్కడే. సాంచాల (మరమగ్గాల) పని మీద కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి వెళ్లి సూరత్‌లో స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలు చాలానే ఉన్నాయి కనుక, ఆ కొట్టు మన తెలుగతనే పెట్టాడనుకుందాం.

అతనికి కంప్యూటరు కష్టం కాదు. "అన్నా, ఎంతియ్యాలె?" అన్న ప్రశ్న కష్టం. మనోడు, పక్క ఊరోడు, వరస కలిపితే బావ అవుతాడు. "ఏముందే, నీకు తోచినంత ఇయ్యి" అంటాడు కొట్టతను. వచ్చినాయన పది రూపాయలు పెడతాడు. ఇతను నవ్వుతూనే తీసుకుంటాడు, లోపల మాత్రం గంటసేపు చేసిన పనికి లెక్క కడుతుంటాడు. మరుసటి వారం అదే మనిషి గుమ్మంలో కనిపించగానే "సర్వర్ డౌన్" అంటాడు. మొహమాటం ముదిరితే అబద్ధమవుతుంది. సాయం చేసే వ్యాపారాల్లో ఎక్కువ భాగం చెడేది మోసం వల్ల కాదు, ఈ మొహమాటం వల్లేనని నా అనుమానం.

దీనికి విరుగుడు ధర ముందే రాసిపెట్టడం. అసంఘటిత కార్మికుల కోసం 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ కార్డు కొత్త నమోదు ఉచితం. ఆ ముక్క గోడ మీద తెలుగులో రాసిపెట్టాలి. టికెట్‌కు, ప్రింటుకు, దరఖాస్తు నింపిపెట్టినందుకు ఎంతో దాని కిందే రాయాలి. 'నా ఇల్లు కూడా దీని మీదే గడవాలి' అని నలుగురి ముందు ఒప్పుకోవడమే అది. సేవ పేరు చాటున దాక్కోవడం కన్నా దానికే గుండె ధైర్యం ఎక్కువ కావాలి.

రెండో కష్టం, చేతకానిది చేతకాదని చెప్పడం. రేషన్ సంగతే చూడండి. రాష్ట్రాల మధ్య కార్డు చెల్లుబాటు 2019 ఆగస్టు 9న రెండు జంటలతో మొదలైంది: ఆంధ్ర-తెలంగాణ ఒకటి, గుజరాత్-మహారాష్ట్ర ఇంకొకటి. తర్వాత దేశమంతా విస్తరించింది. అయితే ఇది కేంద్ర ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డులకే. తెలంగాణ సొంతంగా ఇచ్చిన కార్డులు వేరే ఉన్నాయి, వాటి మీద గుజరాత్‌లో గింజ రాలదు. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో ఇస్తున్న సన్నబియ్యం సూరత్‌లో దొరకదు. పైగా పోగులు ముడేసి ముడేసి వేళ్ల గీతలు అరిగినాయన మిషను మీద బొటనవేలు ఎంత నొక్కినా ఎర్రలైటే. "రేపు చూద్దాం" అని నాలుగుసార్లు తిప్పితే అతనికి నాలుగు పూటల కూలి పోతుంది. "నీ కార్డు ఏ రకందో ఊరికి ఫోన్ చేసి అడుగు. రాష్ట్రం కార్డయితే నాతోని కాదు" అంటే ఆ పూటే తేలిపోతుంది.

అలాగని చేతకాదని ఒప్పుకుంటే చాలదు. అమెరికాలో ఇలియట్ ఆరన్‌సన్ అనే మనస్తత్వవేత్త 1966లో ఓ ప్రయోగం చేశారు. క్విజ్‌లో నూటికి 92 వంతులు సరిగ్గా చెప్పిన మనిషి చివర్లో కాఫీ ఒలకబోసుకుంటే, విన్నవాళ్లకు అతను మరింత నచ్చాడు. 30 వంతులే చెప్పినవాడు ఒలకబోసుకుంటే ఉన్న ఇష్టం కూడా తగ్గింది. 'మీ బలహీనత బయటపెట్టండి, జనం ప్రేమిస్తారు' అని ఊదరగొట్టే వక్తలు ఈ రెండో సగం చెప్పరు. పని రానివాడి నిజాయితీతో రేషన్ రాదు. ముందు నిబంధనలు చదవాలి, గుజరాతీ ఫారం కూడబలుక్కునైనా చదవగలగాలి. అప్పుడే "నాకు తెలియదు" అన్న మాటకు విలువ.

మనసు విప్పడం అంటే తన అప్పులు, ఇంట్లో గొడవలు వచ్చినవాళ్ల నెత్తిన పోయడమూ కాదు. పన్నెండు గంటల షిఫ్టు దిగి వచ్చినాయనకు ఇతని కష్టాలు వినే ఓపిక ఎక్కడిది?

ఒక నష్టం మాత్రం తప్పదు. "నాతోని కాదు" విన్నవాళ్లలో కొందరు "అయిపోతది" అనే పక్క కొట్టుకే పోతారు. వాళ్లంతా తిరిగొస్తారని నేను చెప్పలేను. అందుకే అద్దె, కరెంటు బిల్లు వెళ్లేంత రాబడి జిరాక్సు, రీచార్జి, టికెట్ల మీదే వచ్చేలా చూసుకోవాలి. లేకపోతే నెలాఖరున అతని నోటి నుంచి కూడా "అయిపోతది" అన్న మాటే వస్తుంది.