ఒకే ఫోన్, రెండు గదులు

ఇంటర్న్‌షిప్‌లో ఆఫీసు మెయిల్ నా ఫోన్‌లోనే పెట్టుకోమన్నారు. నాకు ఒకటే భయం: పని అయిపోయాక వాళ్లు దూరం నుంచే డేటా తుడిచేస్తే, ఇప్పుడు లేని మా తాతయ్య వాయిస్ మెసేజ్‌లూ పోతాయా?

చదివితే అర్థమైంది. వర్క్ ప్రొఫైల్ 2014లో ఆండ్రాయిడ్ 5.0తో వచ్చింది. లోపల అది ఇంకో యూజరే. యాప్ యూఐడీ = యూజర్ నంబర్ × 100000 + యాప్ నంబర్. నా వైపు (యూజర్ 0) 10123 అయిన యాప్, అటువైపు యూజర్ నంబర్ 10 అయితే 1010123. యూఐడీలు వేరు కాబట్టి ఒకదాని ఫైళ్లు ఇంకోటి తెరవలేదు. ఫోన్ మనదైతే కంపెనీ తుడవగలిగేది ఆ ప్రొఫైల్‌నే.

అందుకే ‘సరే’ నొక్కేముందు చూడండి: వర్క్ ప్రొఫైల్ అంటోందా, మొత్తం ఫోన్‌కే అడ్మిన్ హక్కులు అడుగుతోందా? రెండోదైతే ఆగండి.

చివరి రోజు బ్రీఫ్‌కేస్ గుర్తున్న యాప్‌లన్నీ మాయం. తాతయ్య గొంతు మాత్రం భద్రంగా ఉంది.