హైకోర్టు తీర్పు తర్వాత ఇంకెక్కడికి?

ప్రశ్న: మా కొబ్బరితోట సరిహద్దు దావాలో రెండో అప్పీలును కూడా హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టుకు వెళ్తే మళ్లీ సాక్ష్యాలు చూస్తారా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: దాదాపు చూడరండీ. గట్టు ఎవరిది, సర్వేరాయి ఎక్కడుంది అన్నవి కింది కోర్టులు తేల్చేసిన విషయాలు. రెండో అప్పీలులో హైకోర్టు సైతం ముఖ్యమైన న్యాయప్రశ్న ఉంటేనే జోక్యం చేసుకుంటుంది.

మీకున్న దారి రాజ్యాంగం 136వ అధికరణ కింద ప్రత్యేక అనుమతి పిటిషన్. ఇది హక్కుగా దొరికే అప్పీలు కాదు. అనుమతి ఇవ్వడం, మానడం కోర్టు ఇష్టం. గడువు తీర్పు నుంచి 90 రోజులు. పిటిషన్ వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదు, స్టే విడిగా అడగాలి.

సుప్రీంకోర్టు కల్పించుకునే సందర్భం ఎలా ఉంటుందో చూడండి. ఏజెన్సీ టీచర్ పోస్టులు నూరు శాతం గిరిజనులకేనన్న 2000 నాటి జీవోను హైకోర్టు సమర్థించింది. 2020లో చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అక్కడ తేలాల్సింది రాజ్యాంగ ప్రశ్న. మీది కొలతల తగాదా.

కారణం చెప్పకుండా పిటిషన్ తోసిపుచ్చితే, హైకోర్టు తీర్పు సరైనదని సుప్రీంకోర్టు ముద్ర వేసినట్టు కాదు. 2000లో కున్హయమ్మద్ కేసులో ఈ సంగతి స్పష్టం చేశారు.

తోట అమ్మి ఢిల్లీ ఖర్చులు పెట్టకండి. ముందు తీర్పు నకలు తీసుకుని రాజమండ్రిలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను కలవండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది.